పెద్దప్రేగులో మౌనంగా పెరిగే ముప్పు

రక్తంలో చక్కెర పెరిగిందనగానే మనం కళ్ళను, మూత్రపిండాలను తలచుకుంటాము. కొవ్వు పెరిగిందంటే గుండె గురించి కలత చెందుతాము. ఇవే సూచికలు పెద్దప్రేగు విషయంలోనూ హెచ్చరిక చేస్తున్నాయన్న సంగతి చాలా కుటుంబాలకు తెలియదు.

వైద్యులు పరిశీలించే సూచికలు ఐదు. నడుము చుట్టుకొలత మనదేశపు పురుషులలో 90, స్త్రీలలో 80 సెంటీమీటర్లు లేక అంతకు మించడం, ట్రైగ్లిజరైడ్లు 150కి చేరడం, మేలుచేసే కొలెస్టరాల్ (హెచ్.డి.ఎల్.) పురుషులలో 40కి, స్త్రీలలో 50కి తగ్గడం, రక్తపోటు 130/85కు చేరడం, పరగడుపున చక్కెర 100 కావడం. వీటిలో ఏ మూడు ఉన్నా దానిని 'మెటబాలిక్ సిండ్రోమ్' అంటారు. ఇటువంటి వారి పెద్దప్రేగులో 'అడినోమా' అనే పాలిప్‌లు ఇతరులలో కంటే ఎక్కువగా కనిపిస్తున్నాయని పలు దేశాల పరిశోధనలు తెలిపాయి.

పొట్టలో కొవ్వు పేరుకున్నప్పుడు శరీరం ఇన్సులిన్‌కు సరిగా స్పందించదు. ఆ లోటు పూడ్చడానికి క్లోమం మరింత ఇన్సులిన్‌ను స్రవిస్తుంది. అధిక ఇన్సులిన్ కణాల పెరుగుదలను ప్రేరేపిస్తుంది. కొవ్వు నుండి వెలువడే రసాయనాలు వాపును రగిలిస్తాయి. ప్రేగు లోపలి పొరలో పాలిప్‌లు మొలకెత్తడానికి ఈ వాతావరణం తోడ్పడుతుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

పాలిప్ క్యాన్సర్ కాదు. అత్యధిక పాలిప్‌లు ఎన్నటికీ క్యాన్సర్‌గా మారవు. మారేవాటికి కూడా సాధారణంగా పదేళ్ళ వరకు పడుతుంది. ఈ వ్యవధి అల్లాహ్ ప్రసాదించిన గడువు. కొలనోస్కోపీలో కనిపించిన పాలిప్‌ను సాధారణంగా అప్పుడే తొలగించవచ్చు. ఆ విధంగా రాబోయే వ్యాధిని ముందే నివారించవచ్చు.

ఈ గడువును మనచేత వృథా చేయిస్తున్నది సిగ్గు. మలంలో రక్తం కనిపిస్తే మొలలేనని సరిపెట్టుకుని నెలల తరబడి దాచేవారున్నారు. స్త్రీలు భర్తతో కూడా చెప్పరు. లజ్జ విశ్వాసంలో భాగమే. కాని రోగాన్ని దాచడం లజ్జ అనిపించుకోదు. చికిత్స చేయించుకొమ్మని దైవప్రవక్త (స) ఆదేశించారు; అవసరమైన మేరకు వైద్యపరీక్షకు షరీఅత్ అనుమతించింది. తల్లిదండ్రులకు గాని, తోబుట్టువులకు గాని ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే 40వ ఏట, లేదా వారికి వ్యాధి బయటపడిన వయసుకు పదేళ్ళ ముందు, ఏది ముందైతే అప్పుడు పరీక్ష చేయించుకోవాలని వైద్యులు సూచిస్తారు. కనుక పెద్దలు తమ జబ్బును పిల్లలకు చెప్పడం కూడా ఒక బాధ్యతే.

ఇక భోజనం విషయం. దివ్య ఖుర్ఆన్ ధర్మసమ్మతమైన ఆహారాన్ని మాత్రమే కాదు, పరిశుద్ధమైన ఆహారాన్ని కోరింది. తినమంటూనే మితిమీరవద్దని హెచ్చరించింది. కడుపులో మూడింట ఒక వంతు శ్వాసకు విడిచిపెట్టాలన్నది ప్రవక్త (స) బోధ. సాసేజ్, సలామీ వంటి శుద్ధిచేసి నిల్వ ఉంచే మాంసాలు క్యాన్సర్ కారకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధనా విభాగం 2015లో ప్రకటించింది. హలాల్ ముద్ర ఉన్నంత మాత్రాన ఆ హాని తొలగిపోదు. వలీమా విందులలోనూ, ఇఫ్తార్ పళ్ళెంలోనూ వేపుళ్ళు, షర్బత్‌లు తగ్గించి పప్పులు, ఆకుకూరలు, పండ్లు పెంచాలి. మస్జిద్ దగ్గరలో ఉంటే బండి తీయకుండా నడిచి వెళ్ళాలి.

ఈ వారమే ఇంట్లోని పెద్దలందరి నడుము కొలవండి. కొలత హద్దు దాటినవారికి రక్తపరీక్షలు చేయించండి. మలంలో రక్తం, కారణం తెలియని రక్తహీనత, మలవిసర్జన అలవాట్లలో మార్పు ఉంటే మాత్రం ఏ నివేదిక కోసమూ ఆగక వైద్యుని సంప్రదించండి.