వెలుతురు సోకిన నీలమగు ఖనిజము

బురద నేలలో గాలి చొరని చోట చిరకాలము పడియున్న ఎముకను త్రవ్వి తీసినపుడు, ఒక్కొక్కసారి దానిపై తెల్లని పదార్థ మంటియుండును. వెలుతురున ఉంచిన కొలది అది నీలముగా మారును. చూచినవారు బూజని పొరబడుదురు. కాని అది వివియనైటు అను ఖనిజము. ఎముకలోని ఫాస్ఫేటుతో భూజలములోని ఇనుము కలియుటచే ఏర్పడును. 1991లో ఆల్ప్స్ మంచులో దొరికిన ఓట్జీ అను ప్రాచీన మానవుని చర్మముపై గూడ ఇది కనబడినది.

ఇంగ్లండులోని కార్న్‌వాల్ ప్రాంతమున దీనిని కనుగొన్న జాన్ హెన్రీ వివియన్ పేరును 1817లో జర్మను శాస్త్రజ్ఞుడు వెర్నర్ దీనికి పెట్టెను.

ఇందు మూడు ఇనుప పరమాణువులకు రెండు ఫాస్ఫేటులు, ఎనిమిది నీటి అణువులు ఉండును. ఇనుమున్నను బరువు తక్కువే. విశిష్ట గురుత్వము సుమారు 2.68. కాఠిన్యము మోజ్ కొలతలో 1.5 నుండి 2 వరకే గనుక గోటితో గీయవచ్చును. స్ఫటికము పొరలు పొరలుగా అమరియుండి, ఆ పొరల నడుమ బలహీనమైన హైడ్రోజన్ బంధములే ఉండుటచే, ఒకే దిక్కున పలుచని రేకులుగా చీలును. మన గూడూరు అభ్రకమును ఎరిగినవారికి ఇది వింత కాదు. అయితే అభ్రకపు రేకును వంచి విడిచిన తిరిగి లేచును. వివియనైటు రేకు వంగియే యుండును. ఉపాధ్యాయులు ఈ భేదమును తప్పక చెప్పదగును.

ఇక రంగు సంగతి. అప్పుడే తీసిన స్ఫటికము నిర్వర్ణము. అందలి ఇనుమంతయు ఫెర్రస్ రూపమున ఉండును. వెలుతురు సోకగా అందు కొంత ఫెర్రిక్‌గా మారును. విద్యుదావేశము సరిపడుటకై కొన్ని నీటి అణువులు ఒక్కొక్క హైడ్రోజనును కోల్పోవును. ప్రక్కప్రక్కనున్న ఫెర్రస్, ఫెర్రిక్ పరమాణువుల నడుమ ఎలక్ట్రాను దుముకునపుడు ఎర్రని కాంతి హరించిపోయి నీలము మిగులును. మరల చీకటిలో పెట్టినను పూర్వపు నిర్మలత్వము రాదు. కావుననే మ్యూజియములవారు దీనిని చీకటి పెట్టెలలో దాచుదురు. పదిమందికి చూపుటకే సేకరించిన వస్తువునకు చూపుటయే హాని యగుట విచిత్రము!

పైరులకు భాస్వరము లేనిదే గింజ లేదు. ఆ ఎరువుకై త్రవ్వు ఫాస్ఫేటు శిల తరుగునదే గాని పెరుగునది కాదు. మురుగునీటిని శుద్ధిచేయు చోట ఇనుప లవణములు కలిపినచో, మిగులు మడ్డిలో వివియనైటు దానంతట అదే ఏర్పడును. అయస్కాంతము దీనిని కొద్దిగా ఆకర్షించును గనుక, బలమైన అయస్కాంతములతో మడ్డినుండి దీనిని వేరుచేయు ప్రయోగములు నెదర్లండ్సులో జరిగినవి. అట్లు తీసిన దానిని క్షార ద్రావణములో వేసినచో ఫాస్ఫేటు ద్రావణములోనికి వచ్చును, ఇనుము అడుగున మిగులును.