గొంతుకూ కులముందా?

పిఠాపురం సంగీత చరిత్ర అనగానే విద్వాంసులకు స్ఫురించే పేరు సంస్థాన వైణికుడు తుమరాడ సంగమేశ్వర శాస్త్రి. రవీంద్రనాథ్ ఠాగూర్ ఆయన వీణ విని ముగ్ధుడై శాంతినికేతన్‌కు ఆహ్వానించిన ఉదంతం గ్రంథస్థమై ఉంది. ఆ గౌరవం సముచితమే. అయితే అదే ఊరి పేరును ఇంటిపేరుగా మార్చుకొని తెలుగునాట ఇంటింటా వినిపించిన పిఠాపురం నాగేశ్వరరావు (1930-1996)కు ఆ చరిత్రలో చోటెక్కడ?

నాటకరంగం నుంచి సినిమాకు వచ్చిన ఆయన కంఠంలో రంగస్థల పద్యపు ఆలాపన, వీధిభాగోతపు విసురు, జానపద దరువు ఒక్కటయ్యాయి. ‘అవే కళ్లు’ (1967)లో ఘంటసాలతో కలిసి పాశ్చాత్య లయ మీదా అంతే అలవోకగా పాడారు. మాధవపెద్ది సత్యంతో ఆయన జంటపాటలు ప్రసిద్ధం. అయినా పరిశ్రమ ఆయనకు ప్రధానంగా కేటాయించింది హాస్యగాడి గొంతునే. నాయకుడి ప్రేమకూ, విషాదానికీ ఒక కంఠం. నౌకరుకూ, తాగుబోతుకూ, జూదరికీ మరొకటి.

దీన్ని పాత్రోచితమని సరిపెట్టుకోలేం. గొల్లసుద్దులు, జముకుల కథ, డప్పు దరువు శ్రామిక కులాలు తరతరాలుగా కాపాడుకున్న సంపద. అందులో వీరగాథ ఉంది, శోకం ఉంది, ధిక్కారం ఉంది. తెరకెక్కేసరికి వాటి ఛాయలున్న బాణీలు తరచుగా నవ్వు పుట్టించే సరుకయ్యాయి. శాస్త్రీయ రాగానికి గాంభీర్యం, దరువుకు వెకిలితనం అంటగట్టిన ఈ వర్గీకరణలో వర్ణక్రమపు నీడ స్పష్టం. నాగేశ్వరరావు ఏ కులంలో పుట్టారన్నది ఇక్కడ అప్రస్తుతం. ఆయన పాటకు విలువ కట్టిన కొలబద్ద ఎవరిదన్నదే ప్రశ్న.

కులం పేరిట పెళ్లిని కాదనే పెద్దరికాన్ని నిలదీసిన ‘కులగోత్రాలు’ (1962) చిత్రంలో కొసరాజు రాసిన పేకాట పాటను మాధవపెద్ది, పిఠాపురం పాడారు. ఆరు దశాబ్దాలు దాటినా జనం దాన్ని మరువలేదు. పండితులు మాత్రం దాన్ని హాస్యగీతాల జాబితాలో చేర్చి ఊరుకున్నారు. మనుషుల మధ్య అంతరాలను ప్రశ్నించిన సినిమాలోని పాటకే ఆ అంతరం తప్పలేదు.

విశ్వవిద్యాలయాల సంగీత శాఖలు కచేరీ సంప్రదాయాన్ని బోధించినంత శ్రద్ధగా ఈ మిశ్రమ గానాన్ని పరిశోధించాలి. ఆ బాణీల మూలాలను, వాటిని పాడుకున్న సమూహాలను పేరుపెట్టి నమోదు చేయాలి. పిఠాపురం సంగీత చరిత్రను ఇకపై రాసేవారు ఆస్థాన వీణతో పాటు ఈ గొంతుకూ ఒక అధ్యాయం కేటాయించాలి.