సింధు ముద్రికలు: చదవబోయే ముందు

సింధు ముద్రికల ప్రస్తావన రాగానే మనలో చాలామంది అడిగే మొదటి ప్రశ్న ‘అది ఎవరి భాష?’ అన్నది. ద్రావిడమని కొందరు, సంస్కృతమని కొందరు వాదానికి దిగుతారు. ఈ వాదంలో శాస్త్రం తక్కువ, వంశగౌరవం ఎక్కువ. ఆ ముద్రికలను వాటి కాలపు మనుషులు దేనికి వాడారన్న ప్రశ్న ముందు వేసుకుంటే, లిపి తెలియకుండానే తెలిసే సంగతులు ఎన్నో ఉన్నాయి.

క్రీ.పూ. 2600–1900 మధ్య సింధు నగరాలలో బలపపు రాతిని అంగుళం పైచిలుకు చదరపు బిళ్లలుగా కోసి, చెక్కి, కాల్చి గట్టిపరిచేవారు. పైన ఒక వరుస గుర్తులు, కింద ఒక జంతువు, తరచుగా ఒంటికొమ్ము జంతువు. వెనుక తాడు దూర్చే బొడిపె. గుర్తులను తిరగేసి చెక్కారు. మెత్తని మట్టి మీద ఒత్తితే సరిగా పడతాయి. గుజరాత్‌లోని లోథాల్ గోదాములో దొరికిన మట్టి ముద్దలకు ఒకవైపు ముద్ర ఉంది, రెండోవైపు చాప, గుడ్డ, తాడు ఒత్తుకున్న జాడలున్నాయి. అంటే అవి సరుకు మూటలకు వేసిన ముద్రలు. ఇటువంటి ముద్రికలు ఇరాక్‌లోని ప్రాచీన ఊర్ నగరంలోనూ దొరికాయి. అక్కడి రాతలలోని ‘మెలుహ్హా’ సింధు ప్రాంతమేనని పండితులలో ఎక్కువమంది అభిప్రాయం. మెలుహ్హా భాషకు దుబాసీగా పనిచేసిన షు-ఇలిషు అనేవాని సొంత ముద్రిక నేడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. నేత, రవాణా, వర్తకం, లెక్క: ఇవన్నీ ఈ చిన్న రాతిబిళ్ల చుట్టూ ఉన్నాయి.

ఇక లిపి సంగతి. ఐరావతం మహదేవన్ 1977లో ప్రచురించిన పదానుక్రమణికలో 417 గుర్తులను లెక్కించారు. అక్షరమాలకు ఇవి చాలా ఎక్కువ. మాటకొక గుర్తు చొప్పున రాసే లిపికి చాలా తక్కువ. పదాలకూ, ధ్వనులకూ కలిపి వాడిన లిపి కావచ్చునన్న ఊహకు ఇదే ఆధారం. ఒత్తిన ముద్రలో వరుస సాధారణంగా కుడి నుంచి ఎడమకు సాగుతుంది. చోటు చాలనప్పుడు ఎడమకొసన గుర్తులు ఇరుకుగా పడడమే అందుకు సాక్ష్యం. భాష ఏదైనా ఈ నిర్ధారణ చెక్కుచెదరదు.

కాని సగటు శాసనంలో ఉన్నవి ఐదు గుర్తులే. రెండు భాషలలో రాసిన శాసనం ఒక్కటీ దొరకలేదు. అసలిది లిపే కాదని 2004లో ముగ్గురు పండితులు వాదించారు. గుర్తుల వరుసలో భాషకుండే క్రమం కనిపిస్తోందని 2009లో మరి కొందరు గణితం ఆధారంగా జవాబిచ్చారు. వాదం ముగియలేదు.

ఈ ఖాళీలోనే కోరికలు చొరబడతాయి. 1875లో ఒక హరప్పా ముద్రికను అచ్చువేసిన కన్నింగ్‌హామ్, దాని మీది ఎద్దుకు మూపురం లేదు గనుక అది పరదేశపుదని తేల్చాడు. మన కాలంలో, పగిలిన ఒక ముద్రిక మీది జంతువును వేదకాలపు గుర్రంగా చూపిన పుస్తకం బండారాన్ని 2000లో ఫ్రంట్‌లైన్ పత్రిక బయటపెట్టింది. ద్రావిడ వాదానికీ ఈ గీటురాయే పెట్టాలి. చేప గుర్తును ‘మీన్’ అని చదివితే తమిళంలో చేప అనీ, నక్షత్రమనీ రెండర్థాలు వస్తాయి. తెలుగులో మీను చేపే. నక్షత్రం మాత్రం చుక్క. ఊహ బలమైనదే, కాని ఒక మాటతో తాళం తెరుచుకోదు. 2025 జనవరిలో తమిళనాడు ముఖ్యమంత్రి ఈ లిపిని ఛేదించినవారికి పది లక్షల డాలర్ల బహుమతి ప్రకటించారు. బహుమతి పెద్దదైనంత మాత్రాన రుజువు సులభం కాదు.

ఏది రుజువు? ఒక గుర్తుకు ఇచ్చిన విలువ అన్ని ముద్రికలలోనూ నిలవాలి. రేపు త్రవ్వకంలో బయటపడే ముద్రికను వేరొకరు అదే పద్ధతితో చదివితే అర్థం రావాలి. 1952లో మైకేల్ వెంట్రిస్ గ్రీకు దేశపు లీనియర్ బి లిపిని ఛేదించినప్పుడు జరిగింది ఇదే. అందులో మహాకావ్యాలు కాదు, గొర్రెల లెక్కలు, ధాన్యం, పనివాళ్ల బత్తెం బయటపడ్డాయి. సింధు ముద్రికలు కూడా రాజుల గొప్పలకు బదులు మూటల మీది పేర్లే చెప్పవచ్చు. చెబితే నిరాశపడనక్కరలేదు. మూట కట్టినవాడి చరిత్ర కూడా చరిత్రే.