అడ్డపొగ – అంగిటి పుండు

చుట్టను వెలిగించి, నిప్పుగల కొనను నోటిలోపల నుంచుకొని పొగ పీల్చుటను అడ్డపొగ యందురు. శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాల గ్రామములందు, ముఖ్యముగా స్త్రీలలో, ఇది చిరకాలపు వాడుక. సముద్రపుగాలికి నిప్పు ఆరదనియు, చుట్ట చాలసేపు నిలుచుననియు దీనిని మెచ్చుకొనువారు కలరు.

అయితే ఆ వేడిమియు, పొగయు నేరుగా అంగిటికి దగులును. అచ్చటి పొర తెల్లబాఱి మందమగును. ఎఱ్ఱని చుక్కలు పొడచూపును. కొందఱిలో నది కాలక్రమమున కాన్సరనెడి రాచపుండుగా మాఱును. తొలుత నొప్పి యుండదు గనుక ఎవరును లక్ష్యపెట్టరు.

బొంబాయి పరిశోధకులగు ఖానోల్కరు, సూర్యాబాయి గారలు 1945లో ఈ వ్యాధిని వర్ణించి ప్రకటించిరి. 1971లో వెలువడిన మఱియొక పరిశోధనకై శ్రీకాకుళము జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షింపబడెను. వారిలో నూటికి నలువదిమందికి పైగా అడ్డపొగ త్రాగువారే.

తరువాత పరిశోధకులు రోగి వచ్చువఱకు వేచియుండక, తామే యింటింటికిఁ బోయిరి. నోరు చూచి, మచ్చను జూపి, చుట్ట మానుమని బోధించిరి, చలనచిత్రములును ప్రదర్శించిరి. ఏండ్లతరబడి యిట్లు చేయగా కొందఱు మానిరి. మానినవారిలో క్రొత్తమచ్చలు పుట్టుట తగ్గెను.

కావున మందుకంటె ముందు మాట పని చేయగలదని మనము గ్రహింపవలెను. మన యింట చుట్ట త్రాగు అవ్వ యున్నచో, వినయముతో ఆమెకీ సంగతి తెలుపుదము. మూడువారములకును మానని పుండును వైద్యునకుఁ జూపింతము.