మీకు తెలుసా? కంప్యూటర్ తెర మీద మీ ఫోను

ఫోను అవతలి గదిలో ఛార్జింగ్‌లో ఉంటుంది. మనం కంప్యూటర్ ముందు పనిలో ఉంటాం. మెసేజ్ వస్తే లేచి వెళ్లక్కర్లేదు. ఫోను తెర ఉన్నదున్నట్టుగా కంప్యూటర్‌లో కనిపిస్తుంది, మౌస్‌తో క్లిక్ చేస్తే అక్కడ వేలు పెట్టి నొక్కినట్టే పని జరుగుతుంది. స్క్రీన్ మిర్రరింగ్‌లో ఇది ఒక మెట్టు పైనున్న పద్ధతి. దీని గురించి తెలిసి ఉండాల్సిన సంగతులు కొన్ని ఇవి.

చూపించడం వేరు, నడిపించడం వేరు

ఫోనులో సినిమాను టీవీకి పంపినప్పుడు అటు వెళ్లేది తెర మీది బొమ్మ, దాంతోపాటు శబ్దం. 2012లో వచ్చిన మిరాకాస్ట్ అనే పద్ధతిని మనం ఎక్కువగా వాడేది ఇందుకే. 2023లో వాట్సాప్ వీడియో కాల్స్‌లోకి వచ్చిన స్క్రీన్ షేరింగ్ కూడా అంతే. అమెరికాలో ఉన్న కొడుకు ఊళ్లో ఉన్న అమ్మ ఫోను తెరను చూడగలడు. "అక్కడ కాదమ్మా, పైన కుడిపక్కన మూడు చుక్కలున్నాయి చూడు, అవి నొక్కు" అని ఓపిగ్గా చెప్పగలడు. ఆ చుక్కల్ని తాను మాత్రం నొక్కలేడు. నొక్కాలంటే ఫోను యజమాని ఇంకో రకం అనుమతి ఇవ్వాలి.

సవాలులోంచి పుట్టిన పేరు

ఆండ్రాయిడ్ ఫోనును కంప్యూటర్ నుంచి నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్లలో బాగా పేరున్నది 'ఎస్‌సీఆర్‌సీపీవై'. జెనీమొబైల్ అనే ఫ్రెంచ్ సంస్థలో పనిచేస్తూ రొమేన్ విమోన్ దీన్ని రాశారు. 2018 మార్చిలో విడుదలైంది. అంతకుముందు ఆయన ఇంకో సాఫ్ట్‌వేర్‌కి 'టెథరింగ్' అనే మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో తిరగేసి 'గ్నిరెహ్‌టెట్' అని పేరు పెట్టారు. అలాగే నోరు తిరగని పేరు ఇంకొకటి పెట్టమని తోటి ఉద్యోగి సవాలు చేశారట. సీ ప్రోగ్రామింగ్ భాషలో స్ట్రింగ్‌ను కాపీ చేసే ఫంక్షన్ 'ఎస్‌టీఆర్‌సీపీవై'. స్క్రీన్‌ను కాపీ చేసేది కాబట్టి దీని పేరు ఇలా కుదిరింది. రాసేది అలాగే గానీ, పలికేది 'స్క్రీన్ కాపీ' అని. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. ఫోనులో విడిగా ఏ యాపూ వేసుకోనక్కర్లేదు.

300 కోట్లు 80 లక్షలైతే

ఫుల్ హెచ్‌డీ తెరలో 1920 × 1080 చుక్కలుంటాయి, అంటే 20 లక్షలకు పైనే. ఒక్కో చుక్క రంగు చెప్పడానికి 24 బిట్లు కావాలి. సెకనుకు 60 బొమ్మల చొప్పున ఉన్నవన్నీ పంపాలంటే సెకనుకు దాదాపు 300 కోట్ల బిట్లు. ఇంట్లో వైఫైకి అది మోయలేని బరువు. అందుకే ఫోను తన తెరను అప్పటికప్పుడు వీడియోగా కుదించేస్తుంది. మనం వీడియో తీసేటప్పుడు పనిచేసే ఎన్‌కోడరే ఇక్కడా పనికొస్తుంది. స్క్రీన్ కాపీ మామూలుగా పెట్టుకునే లెక్క సెకనుకు 80 లక్షల బిట్లే. అయినా బొమ్మ చేరడంలో ఆలస్యం 35 నుంచి 70 మిల్లీసెకన్లు మాత్రమే. రెప్ప వేసేలోపే ఫోనులో జరిగింది కంప్యూటర్‌లో కనిపిస్తుంది.

ఏడుసార్లు నొక్కితే తెరుచుకునే తలుపు

ఒక యాప్‌లోని బటన్‌ను ఇంకో యాప్ వచ్చి ఇష్టమొచ్చినట్టు నొక్కేయడానికి ఆండ్రాయిడ్ ఒప్పుకోదు. ఒప్పుకుంటే ఆటల యాప్ ఒకటి మన బ్యాంకు యాప్‌లో డబ్బు పంపే బటన్ నొక్కేయగలదు. అయితే యాప్‌లు తయారుచేసే వాళ్లు వాటిని పరీక్షించుకోవడానికి ఒక దారి ఉంచారు. దాని పేరు యూఎస్‌బీ డీబగ్గింగ్. స్క్రీన్ కాపీ లోపలికి వెళ్లేది ఈ దారిలోనే.

2012లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.2 నుంచి ఈ దారిని కంటికి కనపడకుండా దాచారు. సెట్టింగ్స్‌లో 'బిల్డ్ నంబర్' మీద వరసగా ఏడుసార్లు నొక్కితేనే డెవలపర్ ఆప్షన్స్ బయటికొస్తాయి. పొరపాటున చెయ్యి తగిలి తెరుచుకోకూడదనే ఈ ఏర్పాటు. అందులో డీబగ్గింగ్ ఆన్ చేసి కేబుల్ పెట్టగానే, ఈ కంప్యూటర్‌ను నమ్మమంటారా అని ఫోను అడుగుతుంది. 'అలౌ' నొక్కాకే లోపలికి దారి. తెలియని చోట, ఇంటర్నెట్ సెంటర్లో, మరొకరి కంప్యూటర్‌కు ఆ 'అలౌ' ఎప్పుడూ నొక్కకండి.

బొమ్మ వచ్చింది, మౌస్ పనిచేయడం లేదా?

షావోమీ, రెడ్‌మీ ఫోన్లలో చాలామంది ఇక్కడే ఆగిపోతారు. డెవలపర్ ఆప్షన్స్‌లోనే 'యూఎస్‌బీ డీబగ్గింగ్ సెక్యూరిటీ సెట్టింగ్స్' అని ఇంకో స్విచ్ ఉంటుంది. అదీ ఆన్ చేసి, ఫోనును ఒకసారి రీస్టార్ట్ చేస్తే మౌస్ మాట వింటుంది. ఆ తర్వాత మౌస్ కుడి బటన్ నొక్కితే 'బ్యాక్', మధ్య చక్రం నొక్కితే 'హోమ్'. ఆల్ట్, ఓ కలిపి నొక్కితే ఫోను తెర ఆరిపోతుంది, కంప్యూటర్‌లో మాత్రం పని సాగుతూనే ఉంటుంది. ఫైలును మౌస్‌తో లాక్కొచ్చి స్క్రీన్ కాపీ కిటికీలో వదిలితే ఫోను డౌన్‌లోడ్స్‌లోకి చేరిపోతుంది.

ఐఫోన్‌లో ఎప్పటినుంచి?

2024 సెప్టెంబరులో మ్యాక్ ఓఎస్ సెకోయా, ఐఓఎస్ 18 వచ్చాక ఆపిల్ ఈ సదుపాయాన్ని తానే ఇచ్చింది. ఫోనూ మ్యాకూ ఒకే ఆపిల్ అకౌంట్‌లో ఉండాలి, దగ్గర దగ్గరగా ఉండాలి. మ్యాక్ నుంచి నడుపుతున్నంతసేపూ ఫోను తాళం వేసే ఉంటుంది. బల్ల మీద పెట్టి వెళ్లినా పక్కవాళ్లకు మనం ఏం చేస్తున్నామో కనిపించదు.

బ్యాంకు యాప్ నల్లగా ఎందుకు?

మిర్రరింగ్‌లో అన్నీ బాగా కనిపిస్తూ, బ్యాంకు యాప్ తెరవగానే నల్లటి తెర వస్తే కంగారు పడకండి, ఫోను చెడిపోలేదు. ఈ తెరను కాపీ చేయనివ్వొద్దని ఆ యాపే ఆండ్రాయిడ్‌కు చెప్పి ఉంచింది. ఆండ్రాయిడ్ 15 ఇంకో అడుగు ముందుకేసి, తెరను షేర్ చేస్తున్నప్పుడు ఓటీపీ ఉన్న నోటిఫికేషన్లను కూడా కనపడకుండా దాస్తోంది.

ఇంత కట్టుదిట్టం ఎందుకంటే, మోసగాళ్లు వచ్చేదీ స్క్రీన్ షేరింగ్ దారినే. "బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, కేవైసీ ఆగిపోయింది, ఈ యాప్ వేసుకోండి, అందులో వచ్చిన నంబరు చెప్పండి" అంటారు. ఆ నంబరు చెప్పి, తర్వాత అడిగిన అనుమతులన్నీ ఇచ్చేస్తే ఫోను వాళ్ల చేతికి వెళ్లిపోయినట్టే. ఇలాంటి రిమోట్ యాప్‌లతో యూపీఐ ఖాతాలు ఖాళీ అవుతున్నాయని రిజర్వ్ బ్యాంక్ 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది. మీరు అడగకుండా ఎవరైనా ఫోన్ చేసి మీ తెర చూపించమంటే, ఎంత మర్యాదగా అడిగినా ఫోన్ పెట్టేయండి. డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమైన కొద్దీ ఆ డబ్బు ఇంకో ఖాతాకు, అక్కడి నుంచి ఇంకో ఖాతాకు వెళ్లిపోతుంది.

పగిలిన తెర వెనక

నా ఫోను మెట్ల మీద నుంచి జారిపడింది. తెర నల్లబడిపోయింది, వేలు పెడితే ఉలుకూ పలుకూ లేదు. ఇంకో ఫోను నుంచి చేస్తే మాత్రం రింగవుతోంది, అంటే లోపల ప్రాణం ఉంది. కేబుల్ తీసి లాప్‌టాప్‌కు పెట్టి స్క్రీన్ కాపీ తెరిచాను. కీబోర్డు మీద పిన్ కొట్టాను. మా నాన్నగారి చివరి పుట్టినరోజు ఫొటోలు ఒక్కొక్కటే తెర మీదికొచ్చాయి. అన్నీ కాపీ చేసుకునేదాకా కేబుల్ కదలకుండా అలాగే పట్టుకు కూర్చున్నాను.

అది సాధ్యమైంది ఎందుకంటే రెండు రోజుల ముందే వేరే పని మీద ఆ లాప్‌టాప్‌కు 'అలౌ' నొక్కి ఉంచాను కాబట్టి. ఆండ్రాయిడ్ 11 నుంచి, వారం రోజులు కలపని కంప్యూటర్‌కు ఇచ్చిన అనుమతి మామూలుగా దానంతటదే రద్దయిపోతుంది. తెర పగిలాక కొత్తగా 'అలౌ' నొక్కే దారి లేదు. అందుకే డీబగ్గింగ్‌ను నమ్ముకుని ఫొటోలను ఫోనులోనే ఉంచుకోకండి. పని ఉన్నప్పుడే ఆన్ చేసి, అయిపోగానే ఆఫ్ చేయండి. కేబుల్ ఎలాగూ చేతిలో ఉంది కదా, ఈ ఆదివారం మీ ఫొటోలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి.