ఐదు నోట్లు - ఒకే తోట

ప్రతి ఏడూ వార్షికోత్సవ సంచికలో మన హాస్టల్ అన్నయ్యలు చదువుల గురించి, పోటీ పరీక్షల గురించి రాస్తూనే ఉన్నారు. అవి అవసరమే. ఈసారి మేము మాత్రం ఇంట్లో పెద్దవాళ్ళ డబ్బు గురించి రాయదలచుకున్నాము. మనలో చాలామందిమి ఇంటికి మొదటి గ్రాడ్యుయేట్లం. బ్యాంకు కాగితం వచ్చినా, ఎల్.ఐ.సి. కాగితం వచ్చినా "చదువుకున్నావు కదా, చూడరా" అని మన చేతిలోనే పెడతారు. మా చేతిలోకి అలా వచ్చినవి ఐదు ప్రామిసరీ నోట్లు.

అవి మా తాతయ్యవి, అంటే అమ్మ వాళ్ళ నాన్నవి. ఏలూరులో జూటు మిల్లులో ముప్పై ఏళ్ళు పని చేసి, రిటైరయ్యాక నూజివీడు దగ్గర సొంత ఊరికి వచ్చేశారు. పి.ఎఫ్., గ్రాట్యుటీ, అమ్మమ్మ దాచినదీ అన్నీ కలిపితే 5,80,000 రూపాయలు తేలాయి. ఆ మొత్తమూ రెండు రూపాయల వడ్డీకి తిప్పారు. మా డిగ్రీ ఫీజులు, పి.జి.లో చేరేటప్పుడు కట్టిన డబ్బు, ఆఖరికి ఈ హాస్టల్‌కు తెచ్చుకున్న ట్రంకు పెట్టె కూడా ఆ వడ్డీలోవే. అందుకే ఆ నోట్లు చూసి భయపడ్డా, నోరు విప్పడానికి మాకు రెండు నెలలు పట్టింది.

"అంతా ఒక్కచోటే పెట్టకూడదు తాతయ్యా" అన్నాము చివరికి.

"ఒక్కచోట ఎక్కడరా? ఐదుగురికిచ్చాను. ఒకడు ఎగ్గొడితే నలుగురుంటారు" అన్నారు ఆయన.

మాట సబబుగానే ఉంది. ఎం.కాం.లో మేము చదివేదీ పైకి అలాగే కనిపిస్తుంది. కానీ ఆ ఐదుగురు ఎవరో చూడండి. లక్షన్నర మామిడి వ్యాపారికి. లక్షన్నర తోటలు కౌలుకు చేసే ఆయనకు. లక్ష పురుగుమందుల కొట్టుకు. ఎనభై వేలు సీజన్‌లో కాయలు తోలే మినీ వ్యాను అతనికి. లక్ష ఊళ్ళో కిరాణా కొట్టుకు.

మన ప్రాంతం వాళ్ళకు విడమరచి చెప్పక్కరలేదు. పూత మీద మంచు పట్టినా, తేనెమంచు పురుగు తగిలినా, ఏప్రిల్-మే నెలల్లో ఈదురు గాలికి కాయ రాలినా ముందు దెబ్బ తినేది కౌలుదారు. ఆయన మందుల కొట్టు బాకీ కట్టలేడు. వ్యాపారి ముందే తోటలకు ఇచ్చిన అడ్వాన్సు ఇరుక్కుపోతుంది. వ్యానుకు బాడుగ ఉండదు. కాయ కోసే కూలీలకు పని లేకపోతే కిరాణా కొట్టులో అప్పు ఖాతా పెరుగుతుంది. కాపు బాగుండి ధర పడిపోయినా ఇదే వరస. 2025లో చిత్తూరు వైపు తోతాపురి, అదే మనం కలెక్టరు అనే కాయ, ధర కూలిపోతే రాష్ట్ర ప్రభుత్వం కిలోకు 4 రూపాయలు కలిపి ఇవ్వవలసి వచ్చింది. పైగా మామిడి ఒక ఏడు విరగకాసి మరుసటి ఏడు తగ్గే చెట్టు. తాతయ్య నోట్లు ఐదైనా, వాటి వెనక ఉన్నది ఒకటే పూత.

ఈ సంగతిని లెక్కల్లో పెట్టి చెప్పినవాడు హ్యారీ మార్కోవిట్జ్ అనే అమెరికా ఆర్థికవేత్త. 1952లో రాసిన వ్యాసానికి గాను 1990లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. డబ్బు ఎన్ని చోట్ల ఉందన్నది ఒక్కటే చూస్తే చాలదు, ఆ చోట్లన్నీ ఒకేసారి పడిపోతాయా లేదా అన్నది చూడాలన్నది ఆయన లెక్కలో ముఖ్య విషయం. ఈ పాఠం క్లాసులో విన్నప్పుడు మాకు సూత్రమే కనిపించింది. తాతయ్య పెట్టె తెరిచాకే అర్థమైంది.

2001లో అమెరికాలో ఎన్‌రాన్ కంపెనీ దివాలా తీసినప్పుడు అక్కడి ఉద్యోగులకు జరిగిందీ ఇదే. వాళ్ళ రిటైర్‌మెంట్ ఖాతాల్లో సగానికి పైగా ఎన్‌రాన్ షేర్లే. ఉద్యోగమూ, దాచిన డబ్బూ ఒకేసారి పోయాయి. అంత దూరం ఎందుకు, అదే 2001లో హైదరాబాదులో కృషి సహకార అర్బన్ బ్యాంకు మూతపడింది. తరువాత విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ వ్యవహారం బయటపడింది. 19 లక్షల మందికి పైగా కట్టిన సుమారు 6,380 కోట్ల రూపాయలు అందులో చిక్కుకున్నాయి. 2019లో పది వేల లోపు కట్టినవారికి, 2021లో ఇరవై వేల లోపు కట్టినవారికి రాష్ట్ర ప్రభుత్వం డబ్బు ఇచ్చింది. ఉన్నదంతా అందులో పోసిన పెద్దవాళ్ళ సంగతి ఆలోచించండి. డెబ్బై ఏళ్ళ మనిషికి మళ్ళీ సంపాదించే ఏళ్ళు ఎక్కడివి?

ఇక్కడ తాతయ్య పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. 5,80,000కు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 11,600. అదే పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలో వేస్తే, 2023 ఏప్రిల్‌లో నిర్ణయించిన 8.2 శాతం వడ్డీ చొప్పున నెలకు నాలుగు వేల లోపే పడుతుంది. "మిగతా ఏడు వేలూ నువ్విస్తావా?" అని ఆయన అడిగితే మా దగ్గర జవాబు లేదు. ఇంటికి వెళ్ళి కాగితం మీద లెక్క వేశాము. నెలకు సుమారు 7,600 ఎక్కువ వస్తుంది సరే, అసలు మునిగితే ఆ నష్టం పూడటానికి ఆరేళ్ళకు పైగా ఆ ఎక్కువ వడ్డీ ఒక్క నెల తప్పకుండా అందుతూ ఉండాలి. అదీ గాక నెల నెలా వచ్చేది ఎక్కడ? సీజన్ అయ్యాక చూద్దాం అంటారు. రెండు రూపాయలు ఇస్తానన్న మనిషి తక్కువ వడ్డీకి బ్యాంకుకు ఎందుకు వెళ్ళలేకపోయాడో కూడా ఆలోచించాలి కదా.

సీనియర్ సిటిజన్ పథకం 2004లో వచ్చింది. అరవై దాటినవారు 30 లక్షల దాకా వేయవచ్చు. ఐదేళ్ళ గడువు. మూడు నెలలకొకసారి వడ్డీ ఇస్తారు, లక్షకు 2,050 చొప్పున. వేసిన రోజున ఉన్న వడ్డీ ఆ ఐదేళ్ళూ మారదు. బాధ్యత కేంద్ర ప్రభుత్వానిది. బ్యాంకులో అయితే ఒక మనిషికి ఒక బ్యాంకులో, అసలు వడ్డీ కలిపి, 5 లక్షల దాకా బీమా ఉంది. 2020 ఫిబ్రవరి దాకా అది లక్షే. సహకార బ్యాంకులకూ ఇది వర్తిస్తుంది గాని, మన ఊళ్ళలోని ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలకూ, ఫైనాన్సు కంపెనీలకూ వర్తించదు. ఈ తేడా చాలామంది పెద్దవాళ్ళకు తెలియదు. బోర్డు మీద సహకార అని ఉంటే అన్నీ ఒకటే అనుకుంటారు.

నోట్ల విషయంలో ఇంకొకటి ఉంది. అడిగినప్పుడు ఇస్తానని రాసిన ప్రామిసరీ నోటుకు రాసిన తేదీ నుంచి మూడేళ్ళే గడువు. ఆ తరువాత కోర్టులో దావా నిలవదు. గడువు లోపల కొంత కట్టించుకుని, నోటు వెనక బాకీదారు చేత చెల్లు రాయించి సంతకం తీసుకుంటే, ఆ తేదీ నుంచి మళ్ళీ మూడేళ్ళు లెక్క. ఇక ఎదుటివాడు ఐ.పి. పెడితే తనఖా ఉన్నవాళ్ళకు ముందు హక్కు. నోటు మాత్రమే ఉన్నవాళ్ళు మిగిలినది పంచుకోవాలి. మందుల కొట్టు నోటు తేదీ చూస్తే మూడేళ్ళు నిండటానికి పందొమ్మిది రోజులుంది! ఆ సాయంత్రమే తాతయ్యను బండి ఎక్కించుకుని వెళ్ళాము. కొట్టాయన పది వేలు ఇచ్చి చెల్లు రాశాడు. దారిలో తాతయ్య ఏమీ మాట్లాడలేదు. ఇంటికి వచ్చాక అమ్మమ్మతో "మిగతా నోట్లు కూడా వాడికి చూపించు" అన్నారు.

ఆ మాటతో పని మొదలైంది. కిరాణా కొట్టు లక్ష, వ్యాను ఎనభై వేలు గట్టిగా అడగకుండానే వచ్చాయి. ఆ 1,80,000 నూజివీడు పోస్టాఫీసులో వేసి అమ్మమ్మను నామినీగా రాయించాము. మూడు నెలలకు 3,690 వస్తుంది. "ఇంతేనా" అన్నారు తాతయ్య మొదటిసారి పాసుబుక్కు చూసి.

వ్యాపారి దగ్గర, కౌలు ఆయన దగ్గర ఉన్న మూడు లక్షలు అలాగే ఉన్నాయి. సీజన్ మధ్యలో అడిగితే వాళ్ళూ ఇబ్బంది పడతారు, ఊళ్ళో మాటా పోతుంది అన్నారు తాతయ్య. అది నిజమే. కాయ కోత అయ్యాక సగమైనా తీసుకుందామని ఒప్పందం. ఈ ఏడు పూత బాగానే దిగింది. మంచు పట్టిన రోజు తెల్లవారుజామునే ఆయన హాస్టల్‌కు ఫోన్ చేసి, ఏ తోటలో ఎంత పూత మాడిందో చెబుతున్నారు.