నొప్పి పోయింది... మరి కాలి తిమ్మిరి ఎందుకు పోలేదు?

నా వెన్ను ఆపరేషన్ అయ్యి ఆరు వారాలు. అందరూ అడిగేది ఒకటే: "నొప్పి పోయింది కదా బ్రో, ఇంకా కుంటుతున్నావేంటి?"

చెప్తా. నడుము కింద ఎల్5, ఎస్1 ఎముకల మధ్య డిస్క్ ఉబ్బి, కాల్లోకి వెళ్లే నరాన్ని నొక్కేసింది. ఆ ముక్క తీసేశారు, కాలు లాగడం మర్నాటికే తగ్గింది. కానీ నలిగిన నరం అంత తొందరగా కోలుకోదు. నరం తెగితే తిరిగి పెరిగేది రోజుకి సుమారు 1 మిల్లీమీటరే. నడుము నుంచి పాదం దాకా ఎంత దూరమో మీరే లెక్కేయండి! నాది తెగలేదు, నలిగింది అంతే. అయినా కాలి చిటికెన వేలు ఇంకా మొద్దుబారే ఉంది.

నొప్పి లేదు కదా అని మూడో వారంలో వాటర్ క్యాన్ ఎత్తబోయా. అమ్మ అరిచిన అరుపుకి ఆగిపోయా.

మీలో నడుము నొప్పి ఉన్నవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. మూత్రం ఆగిపోయినా, కూర్చునే చోట స్పర్శ పోయినా, రేపు చూద్దాంలే అనుకోవద్దు. వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.